నాలుగో కాలు

దోహాల సనయ్యా, పద్దెనిమిదో వీధి,
టైర్ల దుకాణం ఎనుక మా క్యాంపు.
రూముకు ఎనిమిది మందిమి, ఏసీ ఒక్కటి,
దాని కింది మంచం కోసం చిట్టీలు ఏసుకున్నం.

ఆ కుర్సీని స్క్రాపుల దొరికిచ్చుకున్నది మదార్ భాయ్.
మూడే కాళ్లు. నాలుగోది యాడ పోయిందో.
శుక్రారం వస్తే దాన్ని నడుమల పెట్టి కూసొని
తువ్వాల భుజాన ఏసి, ఆయన లెక్క మెడ ఒంచి,
ఎడమ కనుబొమ్మ ఎత్తి, కొంచెం ఆగి
"కుర్సీకి మూడే కాళ్లన్నా. కూసుంటే నేనే నాలుగోది."
ఎన్నిసార్లు విన్నమో, అన్నిసార్లు పడి పడి నవ్వినం.
పక్క రూం బంగాలోళ్లు గోడ కొట్టేటోళ్లు.

నేనైతే ఆయనకు ఇంకింత బాకీ.
వచ్చిన కొత్తల, జూన్ నెల,
ఏజెంటుకు కట్టిన లక్షా అరవై వేలకు
మిత్తి లెక్కబెట్టుకుంట పదకొండు రాత్రులు నిద్ర లేదు.
పన్నెండో రాత్రి రాజలింగు తన ఫోన్ల ఆ సీను పెట్టిండు.
అద్దం పలిగి ఆయన మొకం రెండు ముక్కలుండె.
అయినా నవ్విన.
ఈ దేశంల నాది అదే మొదటి నవ్వు.
తెల్లారి స్కాఫోల్డింగ్ ఎక్కితే చేతులు వణకలే.

మొన్న ఎలచ్చన్ల మీటింగుల ఆయన.
మెడల కండువా, ముంగట మైకు.
ముందుగాల అందర్ని నవ్విచ్చిండు, నాక్కూడ మంచిగనిపిచ్చింది.
గప్పుడు ఎడమ కనుబొమ్మ ఎత్తిండు.
కొంచెం ఆగిండు.
"ఈడ పుట్టినంత మాత్రాన ఈడోళ్లు గారు, కొందరు"
అనుకుంట నెత్తి మీద టోపీ సదురుకున్నట్టు చేసి చూపిచ్చిండు.
జనం ఈలలు.

ఆగుడు మాత్రం లెక్క తప్పలే. అదే ఆగుడు.
మాట అర్థమయ్యే లోపల
నా పెదవి ఒక కొసకు లేసింది.
దాన్ని ఎట్ల దించాల్నో తెలువక ఫోన్ బోర్లిచ్చిన.
పై మంచం మీద మదార్ భాయ్ గోడ దిక్కు తిరిగిండు.
నిద్రపోతే గురక పెడ్తడు.
ఆ రాత్రి గురక లేదు.

రాజలింగు అన్నడు
"కూర మంచిగుంటే తింటం గని, వండినోని ఓటు అడుగుతమా?"
గంగనర్సు పప్పుల గంటె తిప్పుకుంటనే
"వండినోడే మనల ఒకని కంచంల ఉమ్మితే?"
"సీన్ల ఉమ్మలే గదా, మీటింగుల."
"నోరొక్కటే గదనే."
పప్పు అడుగంటింది. ఎవ్వలు చూడలే.

నేను ఆయన వీడియోలు తీసేసిన. పందొమ్మిది.
పన్నెండో రాత్రిదానికి మాత్రం చెయ్యి రాలే.
అది తీస్తే, ఆ రాత్రి నవ్విన నేను యాడికి పోవాలె?
ఆయన నవ్వు అమ్మిండు, మేం రీఛార్జ్ పైసలు పెట్టి కొన్నం,
లెక్క తీరిందనుకుందమంటే
మిత్తి మదార్ భాయ్ ఒక్కడే కడుతున్నడు.

రెండు శుక్రారాలు కుర్సీ తలుపెనుకనే ఉంది.
దాని మీద తడి బనీన్లు ఆరేసినం.

ఇయ్యాల జుమ్మా నమాజు చేసి
కుబ్బూసు కవరు పట్టుకొని మదార్ భాయ్ వచ్చేసరికి
కొత్తగ చేరిన నేపాలీ పోరడు, డిల్లీరాం,
బనీన్లు తీసి కుర్సీని నడుమల పెట్టిండు.
వానికి తెలుగు రాదు,
మదార్ భాయ్ నేర్పిన ఆ ఒక్క ముక్క తప్ప.
ఎక్కి కూసొని, గబగబ, టేషన్ల పేర్లు చదివినట్టు
"కుర్సీకి మూడే కాల్లన్నా కూసుంటే నేనే నాలుగోది"

ఎవ్వలం నవ్వలే.
వాడు ఒక్కొక్కని మొకం చూస్తున్నడు, ఏం తప్పు చేసిన్నా అని.

మదార్ భాయ్ కవరు కింద పెట్టిండు.
"అట్ల గాదు రా. లే."
తనే కూసున్నడు. కుర్సీ ఒరిగింది,
మోకాలు అడ్డం పెట్టి ఆపిండు.
"ఉర్కొద్దు. ఆగాలె. ఆగుడే అసలు పని."
తువ్వాల భుజాన ఏసుకున్నడు.
ఎడమ కనుబొమ్మ ఎత్తిండు.
ఆగిండు.

ఏసీ నీళ్లు బకెట్ల పడుతున్నయి, చుక్క చుక్క.
మేం ఏడుగురం.
ఇంకా ఆగే ఉన్నడు.